తొమ్మిదో నంబరు జెర్సీ

ఆటగాణ్ణి తీసేసిన సంగతి అతనికంటే ముందు బట్టలుతికేవాడికి తెలుస్తుంది. దుబాయ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో జెర్సీలు ఉతికి, వేడి ప్రెస్సు మీద వాటికి పేర్లు అతికించే పని నాది. ఆ పొద్దున ముదీర్, అంటే మా మేనేజరు, వచ్చి తొమ్మిదో నంబరు జెర్సీలు నా ముందు పడేశాడు.

"ఇస్‌కా నామ్ నికాలో. నయా ఆద్మీ ఆ రహా హై." పేరు పీకెయ్యాలట, కొత్తవాడు వస్తున్నాడట.

"ఉస్‌కో బోలా క్యా సార్?" అన్నాను, అతనికి చెప్పారో లేదోనని.

"తుమ్ అప్నా కామ్ కరో."

ఒళ్లు మండిపోయింది. ఆ తొమ్మిదో నంబరు ఆటగాడు పోర్చుగల్ మనిషి, సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి రేవులో చేపల పెట్టెలు మోసేవాడట. మూతి మీద మీసం రాకముందే పెద్ద ఊరి క్లబ్బు తీసుకుపోయి హాస్టల్లో పడేసింది. అక్కణ్ణుంచి దేశం తర్వాత దేశం, గోలు తర్వాత గోలు, మోకాలికి రెండు ఆపరేషన్లు, చివరికి ఈ ఎండ. నా జీతానికీ అతని జీతానికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా, ఒప్పుకుంటాను. కానీ అక్షరాలు పాడవకుండా జెర్సీని తిరగేసి బుట్టలో వేసేది అతనొక్కడే.

ఆ శుక్రవారం మ్యాచ్‌కి వాళ్ల నాన్న వస్తున్నాడు. జన్మలో విమానం ఎక్కనని మొండికేసిన ముసలాయన. కొడుకు పెద్ద మ్యాచ్ ఆడుతుంటే ఒక్కసారీ కళ్లారా చూడలేదు. ఆయనకి ముందు వరసలో సీటు ఇప్పించింది ఈ ముదీరే. సిగ్గు లేదు మనిషికి.

ఒక జెర్సీ మీద సగం అక్షరాలు లేచేసరికి తలుపు తీసుకుని అతనే వచ్చాడు. "భాయ్, నాన్నకి నా జెర్సీ ఒకటి కావాలి. వేసుకుని కూర్చుంటాడట" అన్నాడు తన వచ్చీరాని ఇంగ్లీషులో. దాని మీద ఉన్నది వాళ్ల ఇంటిపేరు, తండ్రిదీ అదే.

అతను ప్రెస్సు వైపు చూశాడు.

"ఎవరు చెప్పారు?"

"ముదీర్."

అరుస్తాడనుకున్నాను. అరవాలనే కోరుకున్నాను. ఒక్క ఫౌల్ ఇవ్వకపోతే రిఫరీ మీద విరుచుకుపడే మనిషి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చల్లారితే అక్షరాలు బట్టని వదలవని అతనికీ తెలుసు. మిగిలినవి తనే గోటితో ఒక్కొక్కటీ లేపాడు. వద్దంటే వినలేదు. ఆ పాపం నా చేతికి అంటకూడదని చేశాడు, అదే నాకు మరీ కడుపుమంట. జెర్సీ మడిచి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ముదీర్ వచ్చి జెర్సీ వెనక అరచేత్తో రాసి చూశాడు. "ఏక్‌దమ్ సాఫ్. అచ్ఛా కామ్ కియా" అంటూ నా భుజం తట్టాడు.

"నేను చెయ్యలే. ఆయన పేరు ఆయనతోనే పీకించినవ్ నువ్వు. థూ, నీదీ ఒక బతుకేనా?" అన్నాను తెలుగులో.

"క్యా బోలా?" అన్నాడు.

మొత్తం హిందీలో మళ్లీ చెప్పాను.