లాంచీలో పై గది

వరదకు బస్సులు ఆగిపోవడంతో భద్రాచలానికి లాంచీ ఎక్కాను. పెద్దదాన్నని గుమాస్తా నాకు పై గదిలో చోటిచ్చాడు. కింద తడి చెక్కల మీద కూర్చున్న ఒక కోయ తల్లి, జ్వరంతో కాలిపోతున్న బిడ్డను దవాఖానాకు తీసుకెళ్తోంది.

“నా గదిల పండుకోబెట్టు బిడ్డా,” అన్నాను.

“వద్దమ్మా. పాణం బాగలేని పిల్లను మేం కింద పెట్టం. ఊరోళ్లం ఒకరి ఒళ్లెకెల్లి ఇంకొకరి ఒళ్లెకు మారుస్తనే ఉంటం. ఆ గదిల ఇంతమందిమి పడ్తమా?”

చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ బిడ్డ కోసమే వచ్చారట.

నేనూ పైకి వెళ్లకుండా వాళ్ల పక్కనే కూర్చున్నాను.

“గది ఇస్తే వద్దంటవేందమ్మా!” అని గుమాస్తా నా మీద విసుక్కున్నాడు.

కాసేపటికి ఒక ముసలాయన, నేనెవరని అడగకుండానే, బిడ్డను నా ఒళ్లో పెట్టాడు. రేవు కనబడే వేళకు ఆ చిన్న నుదుటికి చెమట పట్టింది.

“జరం దిగుతుంది బిడ్డా,” అని తల్లికి చెప్పింది నేనే.