మన గాలి పట్టనివ్వండి

మా గిటార్ మాస్టారు కొవ్వూరులో, గోదావరి గట్టు పక్కనే ఉండేవారు. నేను రాజమండ్రిలో ఏసీ గదిలో శ్రుతి చేసుకుని, ఆటోలో వంతెన దాటి వెళ్లేసరికి గిటార్ శ్రుతి తప్పిపోయేది. నాకు ఒళ్లు మండేది. బిరడాలు తిప్పబోతే ఆయన అరచేయి తీగల మీద పడేది.

“ఆగండమ్మా. చల్లటి గదిలోంచి ఈ ఉక్కలోకి వచ్చింది కదండీ. మన గాలి పట్టనివ్వండి.”

భుజం మీది తువ్వాలు అరుగు మీద పరిచి, గిటార్ని పడుకోబెట్టి, మజ్జిగ తెచ్చేవారు. ఒకసారి వినకుండా బిగించాను. తీగ తెగి వేలు కోసుకుపోయింది. ఆయన పావుగంట ఆగి, కొత్త తీగ తెచ్చారు.

నాన్న పోయిన నెలకి మళ్లీ క్లాసుకి వెళ్లాను. ఆ రోజు కరెంటు లేక, ఇంట్లో ఉక్కలోనే శ్రుతి చేసుకున్నాను. అరుగు మీద కూర్చున్నానే గానీ వేళ్లు కదల్లేదు. మాస్టారు పరామర్శ మాటలేవీ ఎత్తలేదు. గిటార్ తీసుకుని ఒక్కో తీగా మీటి విన్నారు. తర్వాత తువ్వాలు పరిచి దాన్ని పడుకోబెట్టారు.

“ఆగండమ్మా. మన గాలి పట్టనివ్వండి,” అన్నారు.

పొద్దు వాలేదాకా మజ్జిగ తాగుతూ కూర్చున్నాం.

ఆ రోజు ఆరు తీగలూ శ్రుతిలోనే ఉన్నాయి.