గ్రే స్ట్రీట్‌లో పర్ల్ చెప్పిన అబద్ధం

1995 ఆగస్టులో ఒక శనివారం పొద్దున పర్ల్ కూరగాయలకని దక్షిణాఫ్రికాలోని డర్బన్ మార్కెట్‌కు వచ్చింది. ఆమెకు యాభై రెండేళ్లు. ముప్పై ఏళ్లుగా బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాజాలు కుడుతోంది. పుట్టింది గ్రే స్ట్రీట్ పక్క సందులో. ఉండేది గ్రీన్‌వుడ్ పార్క్‌లో.

మార్కెట్ మెట్ల దగ్గర ఒక వ్యాను ఆగింది. ఎనిమిది మంది దిగారు. అందరూ ఎస్ట్‌కోర్ట్ అనే ఊళ్లో టీచర్లే: తెల్లవాళ్లు, జులూలు, ఇద్దరు ఇండియన్లు. కిందటేడు అన్ని రంగులవాళ్లూ మొదటిసారి ఓటేసిన ఎన్నికలయ్యాక ఇలా కలిసి ఊరు చూడ్డం వాళ్లకు కొత్త సరదా. వాళ్లలో లెక్కలు చెప్పే జ్ఞానప్రసూన ఏడాది కిందటే కాకినాడ నుంచి వచ్చింది. ఆమె పర్ల్ దగ్గరికొచ్చి ఇంగ్లీషులో అడిగింది.

"ఈ పేట చూపించే గైడు మీరేనా?"

కాదందామని పర్ల్ నోరు తెరిచింది. అవునని వచ్చేసింది.

ఏదైనా చూపించమని ఆమెను అంతవరకు ఎవరూ అడగలేదు మరి. సంచి చంకన పెట్టుకుని ముందు నడిచింది. మసాలా కొట్టు దగ్గర ఎర్రటి పొడి రాశి చూపించింది.

"దీన్ని అత్తగారి అంతు చూసే కారం అంటారు. మా అత్తకు రెండేళ్లు పెట్టాను. బుగ్గలు నిగనిగలాడాయి, అంతే."

వాళ్లు పడీపడీ నవ్వారు. పర్ల్‌కు ఇంకాస్త ధైర్యం వచ్చింది.

పెద్ద మసీదు ముందు ఎవరో లోపలికి వెళ్లొచ్చా అన్నారు. చిన్నప్పటి నుంచి ఆ గోడ పక్కనే నడిచింది కాని పర్ల్ ఎన్నడూ గడప దాటలేదు. కాపలా ముసలాయన చెప్పులు విప్పమని చెప్పి, ఆడవాళ్లకు తలగుడ్డలిచ్చి లోపలికి పంపాడు. మెత్తటి తివాచీ, తెల్లటి స్తంభాలు. గైడే నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయింది.

"ఎంత చల్లగా ఉందో చూడండి," అని మాత్రం అనగలిగింది.

తర్వాత బన్నీ చౌ. గుల్ల చేసిన రొట్టెలో పొగలు కక్కే చిక్కుడుగింజల కూర. జ్ఞానప్రసూన చెంచా కోసం వెతుకుతుంటే పర్ల్ నోరు జారింది.

"ఓసి పిచ్చి మొకమా, చెయ్ కడుగు, చేత్తో తిను."

జ్ఞానప్రసూన తుళ్లిపడింది. "మీకు తెలుగొచ్చా అండీ?"

"నాకు తెలుగు లేదు. తిట్టు ఉంది, అంతే. అవ్వ మాట."

"మా అమ్మ కూడా అచ్చం ఇలాగే తిడుతుంది."

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు.

అంతలో మెడలో బ్యాడ్జీతో క్రిష్ అనే కుర్రాడు రొప్పుతూ వచ్చాడు. అసలు గైడు. వీళ్ల కోసం గంటసేపు స్టేషను దగ్గర కాచుకున్నాడట. పర్ల్ సంచి కింద పెట్టింది.

"నేను కాజాలు కుట్టే మనిషిని. అబద్ధమాడాను," అంది.

టీచర్లు చప్పట్లు కొట్టారు. క్రిష్ బ్యాడ్జీ సర్దుకున్నాడు. మిగతా వీధులు తను చూపిస్తానని, ఆమెనూ రమ్మన్నాడు. దారిలో ఒక మేడ చూపించి, అది పాత సినిమా హాలన్నాడు.

"అది కాదు బాబూ, దాని పక్కది. నన్ను చూడ్డానికి మా ఆయన అక్కడికే వచ్చాడు. సినిమా మాత్రం చూడలేదు."

క్రిష్ రాసుకున్నాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి ప్రతి శనివారం రాగలరా అని అడిగాడు. పర్ల్ రెండుసార్లు తలూపింది.

ఇంటికెళ్లే బస్సులో పక్క సీటు ఆవిడకు కిటికీలోంచి ఒక్కో వీధి చూపిస్తూ, ఒక్కో కథ చెబుతూ, తను దిగాల్సిన స్టాపు దాటి మూడు స్టాపులు వెళ్లిపోయింది.