ఎవ్వరు లేని గదిల ఫ్యాన్

భూపాలపల్లిల మా క్వార్టర్లకు కరెంటు బిల్లు రాదు. బొగ్గుబాయిల పనిచేసేటోళ్ల ఇండ్లు కాబట్టి కంపెనీయే ఇస్తది. అందుకే స్విచ్ ఆపే అలవాటు మా ఇంట్ల ఎవ్వరికీ లేకుండె. మిట్టమధ్యాహ్నం కూడా వరండల బల్బు వెలుగుతనే ఉండేది. అసొంటి ఇంట్ల పెరిగిన నేను, జనగామ బయట క్యాంపస్‌ల పీజీ చదివే రోజులల్ల, హాస్టలంత తిరిగి ఫ్యాన్లు ఆపే పిల్లగా పేరు తెచ్చుకున్న.

హాస్టల్‌ల చేరిన కొన్ని దినాలకే బాపుకు బాయిల దెబ్బ తాకింది. పైకప్పు పెచ్చు ఊడి కాలు మీద పడ్డది. నేను పోయేసరికి దవాఖానల మంచం మీద ఉన్నడు. మొఖమైతే కడిగిన్రు గని, గోర్ల కింద, చెవుల ఎనక బొగ్గు అట్లనే ఉంది. తడిబట్టతోని తుడుసుకుంట కూసున్న. ఏడిస్తె ఆయన పరేషాన్ అయితడని ఏడువలే.

మళ్లా హాస్టల్‌కు వచ్చేసరికి అందరు క్లాసులకు పోయిన్రు. వరండ పొడుగునా తలుపులు బార్లా తెరిచి ఉన్నయి. ఒక్క మనిషి లేదు, ఫ్యాన్లు మాత్రం గిర్రున తిరుగుతున్నయి. ఖాళీ మంచాల మీద దుప్పట్లు ఎగురుతున్నయి. నాకు బాపు గోర్ల కింది బొగ్గు కండ్లల్ల మెదిలింది, ఈ కరెంటు ఆ బొగ్గుతోనే పుడుతది. ఒక్కొక్క గదిలకు పోయి ఆపుకుంట వచ్చిన.

ఆ తర్వాత అది ఫ్యాన్ల దగ్గర ఆగలే. నల్లా సన్నగ కారుతుంటె నాకు చదువు సాగకపోయేది. మెస్సుల ఎవరన్న అన్నం వదిలేస్తె నా చూపు ఆ పళ్లెం మీదనే ఉండేది. నేనేం అనకపోయేది గని, చూస్తున్నట్టు వాళ్లకు తెలిసేది. మెల్లమెల్లగ నేను కూసున్న బల్ల దగ్గరికి రావుడు మానేసిన్రు. ఒక పిల్ల నాకు 'లైన్‌మన్' అని పేరు పెట్టింది. నేను వరండల నడుస్తుంటె లోపట నవ్వులు ఆగిపోయేటివి. అన్నం తినేటప్పుడు ఎదురుంగ గోడ తప్ప ఏం ఉండకపోయేది. పిసినారిదని కొందరు, సార్ల మెప్పు కోసమని కొందరు అనుకున్నరు. బాపు సంగతి నేను ఎవ్వరికీ చెప్పలే. చెప్తె జాలి పడుతరని అనిపించింది. ఆ జాలి నాకు వద్దు.

గదిల నాతోని ఉన్న పిల్లది మహబూబాబాద్ దిక్కు కొత్తగూడ అడవి పక్కన లంబాడోళ్ల తండ. నాకంటె చిన్నది, అక్కా అని పిలిచేది. ఇంటికి ఫోన్ చేస్తె లంబాడీ భాషల మాట్లాడేది. ఒక్క ముక్క నాకు సమజ్ కాకపోయేది, అయినా ఆ గొంతు వినుకుంట పడుకునుడు మంచిగుండేది. నన్ను పలకరిచ్చే మనిషి అప్పటికి ఆమె ఒక్కతే.

ఎండలు ముదిరినంక ఒక పగటిపూట ఆమె పడుకొని ఉంది. నిద్రపోయిందనుకొని ఫ్యాన్ ఆపిన. ఆమె లేచి కూసున్నది. కోపం చెయ్యలే. నెమ్మదిగ చెప్పింది.

"అక్కా, మా తండల ఎండకాలం కరెంటే ఉండది. నీళ్లు బిందెతోని మోసుకొచ్చుకుంటం. నువ్వు ఉండి పొదుపు చేస్తవ్, మేం లేక చేసినం. గీడికొచ్చినంకనే జర ఫ్యాన్ కింద పడుకుంటున్న."

నేను ఫ్యాన్ వేసిన. అప్పుడన్న బాపు సంగతి చెప్పాల్సింది. వారం తిరగకముందే ఆమె ఖాళీ అయిన వేరే గదిలకు మారింది. పోయేటప్పుడు నా మంచం దగ్గర కూడ ఊడ్చి పోయింది. రెండు మంచాల గదిల నేను ఒక్కదాన్నే మిగిలిన.

పరీక్షల ముందటి సెలవులకు ఇంటికి పోయిన. అప్పటికి బాపు కర్ర పట్టుకొని నడుస్తున్నడు. పొద్దుగూకినా నేను లైట్ వెయ్యకుండ వరండల కూసుంటె, ఆయన వచ్చి పక్కన కూసున్నడు. ఎందుకట్ల ఉన్నవని అడిగిండు. ఆయనకైతె చెప్పిన, ఫ్యాన్ల సంగతి, మెస్సు సంగతి, పోయిన పిల్ల సంగతి అంత. ఆయన కర్ర పట్టుకొని లేచి స్విచ్ వేసిండు.

"నేను బొగ్గు తవ్వింది నువ్వు చీకట్ల కూసునేటందుకు కాదు బిడ్డా. మనిషి ఉన్న కాడ వెలుగుండాలె. మనిషి లేని కాడ ఆపు, కాదన."

పరీక్షలు అయినంక జనగామ స్టేషన్‌ల ఆ పిల్ల కనిపించింది. నేను వరంగల్‌ల దిగి బస్సు ఎక్కాలె, ఆమె ఇంకా ముందుకు, మహబూబాబాద్ దాకా పోవాలె. ఒకే పెట్టెల, కిటికీ దగ్గర ఎదురెదురుగ కూసున్నం. అప్పుడు బాపు సంగతి చెప్పిన. ఆమె నా చెయ్యి పట్టుకొని, "ముందుగాల చెప్పొద్దా అక్కా" అన్నది. వచ్చే యేడు మళ్లా నా గదిలకే వస్తనన్నది. ఆ కొంచెం దూరంల మేం మాట్లాడుకున్నన్ని మాటలు యేడంత మాట్లాడుకోలే.

కాని ఆమె రాలే. ఆ ఎండకాలంలనే అడవి శాఖల నౌకరి వచ్చింది. చదువు మధ్యలనే ఆపింది. ఫోన్ చేస్తె అడవిల సిగ్నల్ దొరకక మాట తెగిపోయేది. తర్వాత తర్వాత ఫోన్లు కూడ తగ్గినయి. ఆ మంచం మీద నా పుస్తకాలు పెట్టుకున్న.

రెండో యేడు ఎవ్వరి గదిలకు పోలే, ఎవ్వరి పళ్లెంలకు చూడలే. నా పనేదో నేను చేసుకున్న. మెస్సు ఎనక గుంత తవ్వి, కూరగాయల చెత్త అండ్ల వేసేదాన్ని. వానలకు ఆ గుంత పక్కన బొప్పాయి మొలిచింది. బట్టలు జాడిచ్చిన నీళ్లు రోజూ దానికే పోసిన. ఆఖరు పరీక్షల నాటికి కాయలు పండినయి. ఒక్కదాన్ని ఎన్ని తింట? పెద్ద పండొకటి కోసి, ముక్కలు చేసి, పళ్లెంల పెట్టి మెస్సు బల్ల మీద ఉంచి, ఎవ్వరికీ చెప్పకుండ గదిలకు పోయిన.

సాయంత్రం వచ్చి చూస్తె ఒక్క ముక్క లేదు. ఎవరు తిన్నరో ఇప్పటికీ తెల్వది. పళ్లెం మాత్రం ఎవరో కడిగి బోర్లిచ్చి పెట్టిన్రు.