రేడియో చొక్కా

ట్రంకుపెట్టె అడుగున, కలరా ఉండల వాసనలో, మా అత్త అల్లిన రేడియో ముసుగు దొరికింది. తెల్లదారం పసుపెక్కింది. గుబ్బల కోసం ముందువైపు వదిలిన రెండు రంధ్రాలు అట్లే ఉన్నాయి.

మామకు ఎర్రగుంట్ల స్టేషన్లో ఉద్యోగం. బస్సెక్కితే గంట దూరం. అయినా ప్రొద్దుటూరింటికి ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. తోడుకని నన్ను అత్త దగ్గర ఉంచారు. అత్త క్రోషా సూది పట్టిందంటే చెంబుకు టోపీ, విసనకర్రకు కుచ్చులంగా, తాళంకప్పకు సంచీ తయారయ్యేవి. చివరికి, ఇంట్లో లేని రేడియోకు కూడా అల్లింది.

“యాడుందత్తా రేడియో?”

“మీ మామ తెస్తానన్నాడులే. వచ్చేలోపల దానికి చొక్కా ఉండాల గదా.”

చొక్కా పూర్తికాలేదనే రేడియో రాలేదనుకున్నాను. పూర్తయినాక కూడా రాలేదు. ఒక సాయంత్రం అత్త దాన్ని ఖాళీ బిస్కెట్ల డబ్బాకు తొడిగి గూట్లో పెట్టింది. నేను చెవి ఆనించాను.

“ఏం పాడుతాంది?”

ఆమె మొహం చూసి, “శానా బాగా పాడుతాంది” అన్నాను.

“అట్లయితే రోంత తగ్గించు. మీ మామ తలుపు కొడితే వినపడాల గదా.”

రంధ్రంలో వేలు పెట్టి తిప్పాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. అత్త కూడా పాటే వింటోందనుకున్నాను.