బన్నీ తుమ్మితే ఆగాల్సిందే

ఈ రోజు పొద్దున మా మామయ్యగారు మిర్చి యార్డుకి వెళ్లడానికి బైక్ స్టార్ట్ చేశారు. సరిగ్గా అప్పుడే, ఆరబోసిన మిరపకాయల మీదుగా పరిగెత్తుకొచ్చిన మా బన్నీ గట్టిగా తుమ్మింది. బన్నీ మా పొమేరియన్. ఉండేది చేటలో పట్టేంత, కానీ గేదెలను కూడా పక్కకు తప్పుకోమని మొరుగుతుంది.

మామయ్యగారు బండి ఆపి, లోపలికొచ్చి కూర్చుని మంచినీళ్లు అడిగారు. బన్నీ దర్జాగా ఆయన పాదాల మీద పడుకుంది.

"కుక్క తుమ్మినా శకునమేనా మామయ్యగారూ?" అన్నాను.

"దాన్ని కుక్కంటావేంటమ్మా, అది మన ఇంట్లో మనిషి" అన్నారు.

నిన్న ఆయన బయల్దేరుతుంటే నేనూ తుమ్మాను. "కాయల ఘాటులే" అంటూ ఆగకుండా వెళ్లిపోయారు.

మీ ఇళ్లలో ఎవరి తుమ్ముకు విలువుందో కాస్త చెప్పండి.