సున్నం వేసిన గోడ

హిమానీనదాల కదలికను కొలవడం నా ఉద్యోగం. వేర్వేరు రోజుల్లో తీసిన రెండు ఉపగ్రహ చిత్రాల్లో అవే పగుళ్లను, మరకలను వెతికి, ఎంత దూరం కదిలాయో చూస్తాం. మధ్యలో కొత్త మంచు కురిస్తే గుర్తులన్నీ కప్పుకుపోయి లెక్క తేలదు.

ఛత్రినాకలోని మా ఇంట్లో పడకగది గోడ వంగుతోందని అమ్మ అంటే, అదే పద్ధతిలో తేల్చుదామని ఎండాకాలంలో ఫోటో తీశాను. బోనాల ముందు రెండోది తీయబోతే గోడంతా తెల్లగా మెరుస్తోంది. ఒక్క మరక లేదు.

"సున్నం ఎందుకేయించినవమ్మా?" అని అరిచాను.

"పండుగొస్తుంటే గోడ గట్లనే ఉంచుతరా? నీ ఫోటోలకు ఆగుతనా, నా మంచం ఎప్పుడో ఆ గోడకు దూరం జరుపుకున్న."

నిజమే. రోజూ నేను టీ తాగేది ఆ మంచం మీద కూర్చునే, అయినా అది జరిగిందని గమనించలేదు.